హుగ్లీ నీళ్ళలో చెరపడ్డవాళ్ళు

కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఆగే షాలిమార్ స్టేషన్ హౌరా నగరానికి దక్షిణపు కొసన ఉంది. అక్కణ్ణించి నది వెంబడి కొద్ది దూరం పోతే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్ వస్తుంది. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ పెట్టించిన తోట అది. అక్కడి మహా మర్రిని చూడడానికి మనవైపు నుంచి కూడా చాలామంది పోతుంటారు. తోట పుట్టకముందు ఆ నేలమీద ఒక మట్టికోట ఉండేది. థానా కోట అనేవారు, మఖ్వా థానా అని కూడా పిలిచేవారు. అవతలి గట్టున మటియాబురుజు వైపు దానికి జోడీగా ఇంకొకటి. సముద్రం నుంచి ఎగువకు వచ్చే దొంగ పడవలకు కాపలాగా ఈ రెండూ వెలిశాయి. 18వ శతాబ్దం నడిమికి వచ్చాక కూడా కలకత్తా సర్కారు ఇక్కడ నదికి అడ్డంగా గొలుసు వేయించింది. ఆ పడవలు ముఖ్యంగా మనుషుల కోసం వచ్చేవి.

పోర్చుగీసువాళ్ళను మన పెద్దలు బుడతకీచులు అన్నారు. వాళ్ళలో గోవా అధికారానికి లొంగని సాహసికులు, అరకాన్ రాజు కొలువులోని మఘ నావికులు కలిసి 17వ శతాబ్దమంతా దిగువ బెంగాల్ కాలవల్లో జనాన్ని పట్టుకుపోయి అమ్మారు. వాళ్ళ నౌకాదళం పేరు ‘అర్మాడా’ బెంగాలీ నోట ‘హర్మాద్’ అయింది. ఆ మాట ఇప్పటికీ అక్కడి రాజకీయాల్లో తిట్టుగా వినిపిస్తుంది. ఈ దాడుల గురించి బెంగాల్ చరిత్రకారులు చాలా రాశారు. ఎవరు దండెత్తారు, ఏ నవాబు అణచాడు, చిట్టగాంగ్ ఎప్పుడు పడింది అన్నవన్నీ తేలిన సంగతులే. నాకు కావలసింది ఇంకోవైపు. పట్టుబడ్డ పిల్లవాడు, పిల్ల, పడుచువాడు ఎలా బతికారు? బతికినవాళ్ళను బతికించింది ఏమిటి? ఈ ప్రశ్న పట్టుకుని దొరికిన ఆధారాలన్నీ వరసగా చూస్తే అవి హౌరా దగ్గర ఆగవు. బందరు, ప్రళయకావేరి, కేప్‌టౌన్, పారిస్ దాకా పోతాయి.

ముందు రేవు సంగతి. శిబ్‌పూర్ పక్కన ఇప్పటికీ బేతోర్ అనే పేట, బేతాయి చండి గుడి ఉన్నాయి. 15వ శతాబ్దం చివర బిప్రదాస్ పిపిలాయ్ రాసిన మనసా కావ్యంలో చాంద్ సౌదాగరు పడవలు ఆగి అమ్మవారికి పూజ చేసింది ఈ బేతోర్‌లోనే. 1560లలో ఈ దారిన వెళ్ళిన వెనీసు వర్తకుడు సిజారే ఫెదెరిచి ఒక వింత చూశాడు. బుడతకీచుల పెద్ద ఓడలకు ఇంతకంటే ఎగువకు పోయేంత లోతు లేదు. అందుకని వాళ్ళు ఏటా బేతోర్ ఒడ్డున గడ్డి పాకలతో ఊరు కట్టేవారు. బజారు సాగించుకుని, వెళ్ళేటప్పుడు దాన్ని తగలబెట్టి పోయేవారు. 1580 నాటికి వాళ్ళు ఎగువన హుగ్లీలో స్థిరపడ్డారు. వర్తకం, దోపిడీ వేరువేరు మనుషులు చేసే పనులని ఇప్పుడు మనం అనుకుంటాం. ఆ నీళ్ళమీద రెంటికీ పడవ ఒకటే.

పట్టుబడ్డవాళ్ళ గతి గురించి అన్నింటికంటే వివరంగా రాసినవాడు షిహాబుద్దీన్ తాలిష్. మొగలు అధికారుల వెంట తిరిగిన పారశీక లేఖకుడు. అతను చెప్పేది చదవడం కష్టం. చెరపట్టినవాళ్ళ అరచేతులకు రంధ్రాలు చేసి, వాటిలోంచి సన్నని బెత్తం దూర్చి, అందరినీ ఒకే దండగా గుచ్చేవారట. ఓడ అడుగున ఒకరిమీద ఒకరిని పడేసేవారు. పొద్దునా సాయంత్రం పైనుంచి కోళ్ళకు చల్లినట్టు పచ్చిబియ్యం చల్లేవారు. ఆ ప్రయాణం దాటి ఊపిరితో మిగిలినవాళ్ళను మఘులు తమ వాటాగా తీసుకుని అరకాన్ పొలాల్లో దింపేవారు. ఫిరంగులు, అంటే ఆ బుడతకీచు దొంగలు, తమ వాటాను దక్కన్ రేవుల్లో డచ్చివారికి, ఇంగ్లీషువారికి, ఫ్రెంచివారికి అమ్మేవారు. కొందరిని తామ్లూక్, బాలాసోర్ తీరాలకు తెచ్చేవారు. ఓడ దూరంగా లంగరు వేసి, ఒక మనిషిని ఒడ్డుకు పంపేవారు. స్థానిక అధికారులు భయంతో బలగంతో సహా గట్టునే నిలబడి, డబ్బిచ్చి ఒకణ్ణి ఓడకు పంపేవారు. బేరం కుదిరితే మనుషులు ఒడ్డుకు దిగేవారు. తామ్లూక్ అంటే హౌరాకు పొరుగు జిల్లా. తమ ప్రజలను కాపాడవలసిన కొలువు వాళ్ళే ఆ ప్రజలను కొంటున్నారు. తాలిష్ రాతలో నన్ను ఎక్కువగా కలచివేసే దృశ్యం ఇదే.

అదే కాలంలో ఔరంగజేబు దర్బారులో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఇంకొక సంగతి రాశాడు. ముసలివాళ్ళకు బజారులో ధర పలకదు కాబట్టి దొంగలు వాళ్ళను సొంత ఊరి దగ్గరికే తెచ్చి అమ్మేవారు. దాడి రోజున అడవుల్లోకి పరుగెత్తి తప్పించుకున్న పిల్లలు తిరిగి వచ్చి, తమ తల్లిదండ్రులను తామే కొనుక్కునేవారు. వెల పెట్టి అమ్మానాన్నలను తెచ్చుకోవడం ఆ కాలవల వెంట మామూలు సంగతి అయిపోయింది. సర్వేయరు రెన్నెల్ 1780 ప్రాంతంలో అచ్చువేసిన బెంగాల్ పటంలో సుందరవనాల దగ్గర, మఘుల దాడుల వల్ల ఈ ప్రాంతం నిర్జనమైందని రాసి ఉంటుంది. దాడులు తగ్గిన వందేళ్ళకు కూడా ఆ ఊళ్ళు నిండలేదు.

ఇక్కడ పాపం ఒక్క మతానిదో ఒక్క జాతిదో అనుకునే వీల్లేదు. అగస్టీనియన్ సన్యాసి మాన్రిక్ 1630 ప్రాంతంలో చిట్టగాంగ్ దగ్గర దియాంగాలో ఉండి, ఏటా 3 వేలకు పైగా మనుషులను దించడం చూశాడు. ఆ దాడులకు గోవా మతాధికారుల ఆమోదం ఉందని తన రాతలో సమర్థించుకున్నాడు కూడా. వచ్చినవాళ్ళకు వేలల్లో బాప్తిస్మం ఇచ్చాడు. 1632లో షాజహాన్ సైన్యం హుగ్లీని ముట్టడించి పట్టుకున్నప్పుడు, అక్కడ నిర్బంధంలో ఉన్న చుట్టుపక్కల జనం పదివేల మందిదాకా విడుదలయ్యారని ఆయన ఆస్థాన చరిత్ర పాదుషానామా రాసింది. అదే పుస్తకం ఆ మరుసటి పంక్తుల్లో, 4,400 మంది క్రైస్తవ స్త్రీ పురుషులను, పిల్లలను బందీలుగా తీసుకున్నారనీ చెబుతుంది. వాళ్ళను ఆగ్రాకు నడిపించారు. ఒక చెర తలుపు తెరిచిన చెయ్యే ఇంకో చెర తలుపు మూసింది. ఆ క్రైస్తవుల్లో ఎందరో పుట్టుకతో బెంగాలీలు. అంతకుముందు ఫిరంగులు పట్టుకొచ్చినవాళ్ళ సంతానం.

బతకడం ఎలా అన్న ప్రశ్నకు మనకు తన మాటల్లో జవాబు చెప్పినవాడు ఒకే ఒక్కడు దొరుకుతాడు. సయ్యద్ అలావోల్. ఫతేహాబాద్ పాలకుడు మజ్లిస్ కుతుబ్ దగ్గర అమాత్యుడి కొడుకు. ఇప్పటి ఫరీద్‌పూర్ ప్రాంతం అది. తండ్రీకొడుకులు పడవలో పోతుంటే హర్మాదులు కమ్ముకున్నారు. పోరులో తండ్రి చనిపోయాడు. యువకుడైన అలావోల్ అరకాన్ రాజధాని మ్రౌక్-ఊకు చేరాడు. బెంగాలీలు దాన్ని రోసాంగ్ అనేవారు. అక్కడ గుర్రపు దళంలో రౌతుగా బతుకు మొదలుపెట్టాడు. అతనికి పారశీకం, సంస్కృతం, అవధీ, బెంగాలీ వచ్చు. సంగీతం వచ్చు. పెద్దింటి పిల్లలకు పాట, ఆట నేర్పడానికి పిలిచారు. అలా మంత్రి మాగన్ ఠాకూర్ కంట పడ్డాడు. మాగన్ అడిగితే, జాయసీ అవధీలో రాసిన పద్మావత్‌ను బెంగాలీలో పద్మావతిగా మలిచాడు. అది 1650 ప్రాంతపు మాట. ఆ కావ్యం ముందుమాటలోనే తన చెర కథ చెప్పుకున్నాడు. మధ్యయుగపు బెంగాలీలో అంతకంటే గొప్ప కావ్యాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

అలావోల్ కథను ఇక్కడితో ఆపేసి విజయగాథగా చెప్పడం తేలిక, చాలామంది అలాగే చెప్పారు. ఆ తరువాతి భాగం ముఖ్యం. 1660లో మొగలు రాకుమారుడు షా షుజా తమ్ముడి చేతిలో ఓడి అరకాన్‌లో తలదాచుకున్నాడు. కొద్ది నెలల్లోనే అక్కడి రాజుతో చెడి హతమయ్యాడు. షుజాతో సంబంధం ఉందని ఎవరో చెప్పిన చాడీతో అలావోల్‌ను జైల్లో వేశారు. సుమారు యాభై రోజులు. బయటికొచ్చాక ఏళ్ళ తరబడి దరిద్రం. మళ్ళీ ఇంకో ఆశ్రయదాత దొరికాకే కలం కదిలింది. 1670ల మొదట్లో సికందర్‌నామా ముగించి, కొద్ది కాలానికే కన్నుమూశాడు. ముప్పై ఏళ్ళు ఆ నగరంలో గౌరవంగా బతికిన మహాకవికి సొంత బలం అంటూ ఏమీ లేదు. అండ ఉన్నంత సేపే ఊపిరి. చెరలో బతకడమంటే ఒకసారి గెలిచే పోటీ కాదు. ఎవరి దయతో నిలబడ్డామో ఆ దయ ఏ పూటకు ఆ పూట తిరిగి సంపాదించుకోవాలి. అలావోల్ తన మాటల్లో చెప్పిన సంగతి ఇది, మిగతా ఆధారాలన్నీ దీన్నే బలపరుస్తాయి.

ఈ మాట బెంగాల్‌కు దూరంగా, ఎనిమిది వందల ఏళ్ళు వెనక్కి పోయినా నిలుస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో ఐర్లండు తీరాలను నార్స్ దొంగలు, అంటే వైకింగులు, ఇలాగే నదుల వెంట లోపలికి వచ్చి దోచారు. డబ్లిన్ వాళ్ళ బానిసల సంత. ఆ కాలపు చెర నుంచి బయటపడినవాళ్ళలో పేరు మిగిలిన యువకుడు లెన్స్టర్‌కు చెందిన ఫిండన్. చెల్లెలిని వైకింగులు పట్టుకుపోతే, విడిపించే డబ్బుతో తండ్రి ఇతణ్ణి పంపాడు. వాళ్ళు ఇతణ్ణీ బంధించి, బేరానికి వచ్చినవాణ్ణి పట్టడం సరికాదని తమలో తాము వాదించుకుని వదిలారు. తరువాత పగవాళ్ళు విందుకు పిలిచి మళ్ళీ వాళ్ళకే పట్టించారు. ఒక యజమాని నుంచి ఇంకొకడికి చేతులు మారాడు. సముద్రంలో ఓడల మధ్య కొట్లాట జరిగితే యజమాని పక్షాన నిలబడ్డాడు. ఆ నమ్మకంతో కాళ్ళ సంకెళ్ళు విప్పారు. ఆర్క్నీ దీవుల్లో ఓడ ఆగినప్పుడు అలలు తగిలే రాతి కింద దాక్కుని, ఈది ఒడ్డు చేరాడు. అక్కడ దొరికిన బిషప్పు ఒకప్పుడు ఐర్లండులో చదువుకున్నవాడు. ఇతని భాష అతనికి తెలుసు. రెండేళ్ళు అక్కడే ఉన్నాడు. చివరికి ఇప్పటి స్విట్జర్లండులోని రైనావులో ఏకాంత సన్యాసిగా ముగిశాడు.

ఫిండన్ ఈది తప్పించుకున్నాడని అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఈదిన తరువాత ఏమైందన్నదే అసలు సంగతి. ఒడ్డున తన భాష తెలిసిన మనిషి లేకపోతే ఆకలికి చచ్చేవాడు, లేదా మళ్ళీ అమ్ముడుపోయేవాడు. అలావోల్‌కు మాగన్ ఠాకూర్ ఎవరో ఫిండన్‌కు ఆ బిషప్పు కూడా అతనే.

దొంగల జాతి అంటూ శాశ్వతంగా ఏదీ లేదనడానికి ఇంకో ఉదాహరణ ఐస్‌లాండు ఇస్తుంది. వైకింగుల వారసులు నెలకొన్న ఆ దీవిమీద 1627లో అల్జీర్సు ఓడలు పడి దాదాపు నాలుగు వందల మందిని పట్టుకుపోయాయి. మాన్రిక్ దియాంగాలో పనిచేసిన కాలం కూడా ఇంచుమించు అదే. అలా పోయినవాళ్ళలో గుద్రిదుర్ సిమోనార్దోత్తిర్ అనే యువతి పదేళ్ళకు విమోచన ధనంతో తిరిగి వచ్చింది. తరువాతి కాలంలో గొప్ప కవి హాల్గ్రీముర్ పేతుర్సన్ ఆమెను పెళ్ళాడాడు. ఆమె కొడుకు మాత్రం అల్జీర్సులోనే ఉండిపోయాడు.

తిరిగి రావడం గురించి బెంగాల్ ఇచ్చిన జవాబు ఇంకా కఠినం. 1666 జనవరిలో బెంగాల్ మొగలు సుబేదారు షాయిస్తాఖాన్ కొడుకు బుజుర్గ్ ఉమేద్‌ఖాన్ చిట్టగాంగ్‌ను పట్టుకున్నాడు. అక్కడ చెరలో ఉన్న బెంగాల్ రైతులు వేలమంది ఇళ్ళకు మళ్ళారు. మళ్ళినవాళ్ళను ఊరు ఎలా చూసిందో బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాల వంశావళి గ్రంథాలు చెబుతాయి. మఘుల చేయి తగిలిన ఇంటికి ‘మఘ దోషం’, ఫిరంగులదైతే ‘ఫిరంగి దోషం’. ఆడపిల్లను పట్టుకుపోయిన దొంగకు దోషం రాయలేదు, పోగొట్టుకున్న ఇంటికి రాశారు. ఆ ఇంటికి పిల్లనిచ్చేవాళ్ళు ఉండరు. ఓడ అడుగున పచ్చిబియ్యం ఏరుకుని బతికిన పిల్ల ఇల్లు చేరి, ఇంటి అరుగు ఎక్కలేకపోయింది. నా దృష్టిలో బెంగాల్ చెర చరిత్రలో అత్యంత సిగ్గుపడవలసిన పుట ఇది. దాన్ని రాసింది హర్మాదులు కాదు.

ఇక మన తీరం. మచిలీపట్నం నుంచి అరకాన్‌కు బట్టల ఓడలు పోయేవి. బెంగాల్ మనిషిని కొనడానికి పెట్టిన సరుకులో కోస్తాంధ్ర మగ్గాల నేత కూడా ఉంది. డచ్చివారు అరకాన్‌లో మకాం పెట్టి ఏటా నూట యాభై నుంచి నాలుగు వందల మందిని కొనేవారు. ప్రళయకావేరిలో, అంటే పులికాట్‌లో, వాళ్ళ కోట కేంద్రంగా 1621, 1665 మధ్య కోరమాండల్ తీరం నుంచి 131 ఓడల్లో 38 వేల పైచిలుకు మనుషులు ఎగుమతయ్యారని డచ్చి దస్తావేజులను తవ్విన పరిశోధకులు లెక్క తేల్చారు. వీళ్ళలో ఎక్కువమంది దొంగలు పట్టుకొచ్చినవాళ్ళు కారు. కరువులో కన్నవాళ్ళే అమ్ముకున్న పిల్లలు. బటావియా ఇళ్ళలో, బండా దీవుల జాజికాయ తోటల్లో పనికి పోయారు. ఆ తోటల్లో మరణాలు ఎక్కువ, అందుకే ఓడలు మళ్ళీ మళ్ళీ రావలసి వచ్చింది. గోల్కొండ పడిన మరుసటి ఏడు, 1688లో, మొగలు సర్కారు ఆగ్రహానికి జంకి మద్రాసు ఇంగ్లీషువాళ్ళు తమ రేవు నుంచి ఎగుమతి ఆపారు. దయ కలిగి ఆపలేదు, వర్తకం చెడుతుందని ఆపారు.

అమ్ముడుపోయినవాళ్ళలో నిలదొక్కుకున్న ఒక స్త్రీ కథ కేప్‌టౌన్ కాగితాల్లో ఉంది. ఆంజెలా వాన్ బెంగాలెన్. 1657లో ఓడలో వచ్చింది. అక్కడి మొదటి డచ్చి అధికారి యాన్ వాన్ రీబేక్ ఇంట పనిచేసింది. 1666లో విముక్తి పొంది, 1669లో ఆర్నోల్దుస్ బాసన్‌ను పెళ్ళాడింది. 1720లో చనిపోయేనాటికి ఆస్తిపరురాలు. దక్షిణాఫ్రికాలో ఎన్నో తెల్ల కుటుంబాల వంశవృక్షం ఆమె దగ్గరికి వస్తుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

పారిస్ కథ ఇంకో రకం. 1762 ప్రాంతంలో బెంగాల్‌లో, చిట్టగాంగ్ వైపు పుట్టిన పిల్లవాణ్ణి బానిస వర్తకులు ఫ్రాన్సుకు చేర్చారు. రాజు పదిహేనో లూయీ అతణ్ణి తన ప్రియురాలు దు బారీకి బహుమతిగా ఇచ్చాడు. జామోర్ అని పేరు పెట్టారు. పట్టుబట్టలు తొడిగి వేడుకబొమ్మలా తిప్పారు. ఆ ఇంట్లోనే చదువుకున్నాడు, రూసో చదివాడు, విప్లవం రాగానే అందులో చేరాడు. 1793లో విప్లవ న్యాయస్థానం దు బారీని విచారించినప్పుడు ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఊరు ఏదంటే బెంగాల్ అని చెప్పాడు. డిసెంబరు 8న ఆమె తల తెగింది. అతణ్ణీ కొన్ని వారాలు జైల్లో పెట్టారు. 1820లో పారిస్‌లో పేదగా చనిపోయాడు. ఫ్రెంచి రచయితలు చాలాకాలం అతణ్ణి అన్నం పెట్టిన చేతిని కరిచినవాడిగానే చిత్రించారు. నేను ఒప్పుకోను. అలావోల్ ఆశ్రయదాతను పొగిడాడు, జామోర్ యజమానురాలిమీద సాక్ష్యం చెప్పాడు. చెరపడ్డవాడు కృతజ్ఞతతోనే బతకాలన్న నియమం కొన్నవాళ్ళు పెట్టింది.

హుగ్లీ మీదికి తిరిగి వస్తే, 1785లో కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తి సర్ విలియం జోన్స్ గ్రాండ్ జ్యూరీ ముందు మాట్లాడుతూ, బహిరంగంగా అమ్మడానికి పిల్లలను నింపుకుని నదిలో దిగివచ్చే పెద్ద పడవల సంగతి ఎత్తాడు. ఊళ్ళో కొన్న పిల్లో పిల్లవాడో లేని ఇల్లు అరుదన్నాడు. తన మాట వినే పెద్దమనుషుల ఇళ్ళు కూడా అందులో చేరతాయని ఆయనకు తెలుసు. పారిపోయిన బానిస కుర్రవాళ్ళను పట్టివ్వండంటూ అప్పటి కలకత్తా పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి. వాటిని నేను విజయాల పట్టికగా చదువుతాను. ప్రతి ప్రకటన వెనకా ఒక కుర్రవాడు పారిపోగలిగాడు. 1789 జులైలో గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ బెంగాల్ నుంచి బానిసల ఎగుమతిని నిషేధించాడు. ఓడ ఎక్కించడం నేరమైందే తప్ప ఇంట్లో ఉంచుకోవడం కాలేదు. కోర్టులు బానిసత్వాన్ని హక్కుగా గుర్తించకూడదన్న చట్టం 1843 దాకా రాలేదు. మనిషిని బానిసగా కొనడం అమ్మడం శిక్షాస్మృతిలో నేరం కావడానికి 1860లు రావలసి వచ్చింది.

ఈ సమీక్ష అంతా చూశాక పరిశోధకులకు, ముఖ్యంగా మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు, నా విన్నపం ఒకటే. పోర్చుగీసు, మొగలు పాఠాలను బెంగాల్ వాళ్ళు బాగా చదివారు. డచ్చి కాగితాలను తెలుగు తీరం వైపు నుంచి చదివినవాళ్ళు తక్కువ. డచ్చి కంపెనీ దస్తావేజులు హేగ్‌, జకార్తా, కొలంబో, కేప్‌టౌన్‌లతో పాటు చెన్నైలోనూ ఉన్నాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఆ లెక్కల పుస్తకాల్లో బానిసకు పెట్టిన పేరు పక్కన వచ్చిన ఊరో సీమో రాశారు: వాన్ బెంగాలెన్, వాన్ పలియాకట్టా, వాన్ కోరమాండల్. కొన్న తేదీ, వెల, ఓడ, కొనుగోలుదారు, కొన్నిచోట్ల వయసు కూడా దొరుకుతాయి. అలావోల్ తన కథ తాను రాసుకున్నాడు. వీళ్ళకు ఆ వీలు దొరకలేదు కాబట్టి ఓడ వెంట ఓడ, ఏడు వెంట ఏడు ఆ పట్టికలను జత చేసి చదవాలి. పులికాట్‌లో ఎక్కిన పిల్ల బటావియాలో దిగిందా లేదా, పదేళ్ళ తరువాత విముక్తి పత్రంలో, చర్చి పెళ్ళి పుస్తకంలో ఆ పేరు మళ్ళీ కనిపించిందా అన్నది అలా చదివితేనే తెలుస్తుంది. కేప్‌టౌన్ పరిశోధకులు ఆంజెలాను వెతికి పట్టుకున్నది ఈ పద్ధతిలోనే. చెన్నైలో ఆ పని మొదలుపెట్టడానికి డచ్చి భాష నేర్చుకున్న ఇద్దరు ముగ్గురు తెలుగు విద్యార్థులు చాలు.